సుమియే తరఫున ఒక్కడు

సూరత్ శివారు ఉన్‌లో మా గల్లీ మలుపు తిరగగానే సాంచాలు నడుస్తున్న సంగతి చెవులకన్నా ముందు పాదాలకు తెలుస్తుంది. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. ఆ అదురు చెప్పుల అడుగు నుంచి మెల్లగా పైకి పాకి మోకాళ్ల దాకా వస్తుంది. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి చాలా ఏళ్లు దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం రింగ్ రోడ్ మార్కెట్లో పని ముగించుకుని సాయంత్రం ఇంటికి వస్తుంటే ఆ మలుపు దగ్గర నా నడక దానంతటదే నెమ్మదిస్తుంది. రాజేశం కాక గుర్తొస్తాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. అంత మంచి మనిషి గుర్తొస్తే మనసుకు ఊరట కలగాలి. నాకు కలగదు. చేయాల్సిన పనేదో సగంలో వదిలేసి వచ్చినవాడిలా లోపల ఒకటే కదలాట. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు.

కాక సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి ఇరవై ఏళ్ల వయసులో సూరత్ వచ్చాడు. మొదట సాంచాలు నడిపాడు, తర్వాత చెడిపోయినవి బాగుచేసే మిస్త్రీ అయ్యాడు. ముప్పై ఏళ్లు ఆ మోతలో నిలబడిన ఫలితంగా చెవులు ముక్కాలు వంతు పోయాయి. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా కూర్చుని, ముఖం ఆయనవైపు పెట్టి, పెదాలు కదులుతూ కనిపించేలా చెప్పాల్సి వచ్చేది. మా గల్లీలో అందరికీ ఆయన తెలుసు, ఎవరూ ఆయనతో ఎక్కువ మాట్లాడేవారు కాదు. అంత ఓపిక ఎవరికుంటుంది? నాకూ ఉండేది కాదు. నిజానికి ఆయనతో నా పరిచయం గల్లీలో మొదలవలేదు. ఫోన్‌లో, ఒక కొట్లాటతో మొదలైంది.

సూరత్‌లో ఆనిమే చూసేవాళ్ల గ్రూపు ఒకటి ఉండేది. జపాన్‌వాళ్లు గీసే ఆ బొమ్మల కథలంటే పిచ్చి ఉన్నవాళ్లం నలభై మంది దాకా పోగయ్యాం. తెలుగువాళ్లం, గుజరాతీలు, ఒడియావాళ్లు, మరాఠీలు, అందరం హిందీలోనే రాసుకునేవాళ్లం. ఆ ఏడు అందరినీ ఊపేసిన కథలో సుమియే అనే అమ్మాయి ఉంటుంది. చిన్న ఊరు, నాన్నది కూరగాయల దుకాణం. చిన్నప్పటి నుంచి ఆమెను సైకిల్ మీద బడికి తీసుకెళ్లే అబ్బాయి ఒకడు. పట్నం నుంచి కొత్తగా వచ్చి, మొదటి భాగంలోనే ఆమెకు వానలో గొడుగు పట్టినవాడు ఇంకొకడు. ఇద్దరిలో ఆమె ఎవరికి దక్కుతుంది? వారానికొక భాగం వచ్చేది. మిగిలిన ఆరు రోజులూ మా పని ఆ ప్రశ్నే.

గ్రూపు రెండుగా చీలిపోయింది. సైకిల్ పక్షం, గొడుగు పక్షం. ప్రొఫైల్ ఫొటోలు మారాయి. ఓటింగులు పెట్టుకున్నాం. ఎవరు ఆమెను ఎన్నిసార్లు కాపాడారు, ఎవరి కోసం ఆమె ఎన్నిసార్లు ఏడ్చింది అని లెక్కలు తీసుకున్నాం. నేను సైకిల్ పక్షంలో ముందు వరుస. ఏళ్ల తరబడి పక్కనే ఉన్నవాడిని వదిలి నిన్నగాక మొన్న వచ్చినవాడిని చూస్తుందా అని నాకు నిజంగానే కడుపు మండేది. ఏదైనా వారం ఆమె ఎటూ తేల్చకపోతే రెండు పక్షాలూ కలిసి ఆమెనే తిట్టేవి. ఇద్దరినీ ఆడిస్తోందని మొదట రాసింది నేనే. ఆ మాటకు వచ్చినన్ని చప్పట్లు నాకు ఆ గ్రూపులో మరి దేనికీ రాలేదు.

అందులో 'ధాగా' అనే పేరుతో ఒకతను ఉండేవాడు. ధాగా అంటే దారం. ఎప్పుడో ఒక వాక్యం రాసేవాడు. నీది ఏ పక్షం అని నిలదీస్తే 'సుమియే పక్షం' అన్నాడు. అదేం పక్షం, ఆమె బరిలో లేదు కదా అని మేమంతా నవ్వాం. కుర్రాళ్లిద్దరినీ సైకిల్, గొడుగు అని, ఆమెను హీరోయిన్ అని పిలిచే మా మధ్య ఆమెను పేరుపెట్టి పిలిచేది అతనొక్కడే. ఒకసారి విసిగిపోయి 'నువ్వింకా బుడ్డ పిల్లాడివి, ప్రేమ సంగతి నీకేం తెలుసు' అని రాశాను.

ఒక ఆదివారం పొద్దున రింగ్ రోడ్ దగ్గర టీ కొట్టు ముందు అందరం కలుద్దామనుకున్నాం. పదిహేను మందిమి చేరాం. అంతలో నెరిసిన తల, గోళ్లలో నల్లటి నూనె మరక ఉన్న పెద్దాయన వచ్చి మా పక్కన నిలబడ్డాడు. ఎవరి తండ్రో కొడుకు కోసం వచ్చాడనుకున్నారు. ఒక గుజరాతీ కుర్రాడు మర్యాదగా, "అంకుల్, కిసీకో లేనే ఆయే హో?" అన్నాడు, ఎవరినైనా తీసుకెళ్లడానికి వచ్చారా అని. ఆయన తన ఫోన్ తీసి మా గ్రూపు తెరిచి చూపించి, గట్టిగా, చెవులు వినపడనివాళ్లు మాట్లాడే గొంతుతో అన్నాడు, "మై ధాగా."

ఒకడు లేచి కుర్చీ ఇచ్చాడు. నేను తల దించుకున్నాను. మా గల్లీ రాజేశం కాక.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా ఎదురు సీట్లో కూర్చున్నాడు.

"నువ్వు పోచయ్య కొడుకువు శీనువు గదా?"

"అవును కాకా."

"నన్ను బుడ్డ పోరడన్నది నువ్వేనా?"

నేను రోడ్డువైపు తిరిగి ఏదో గొణిగాను.

"గట్ల కాదు. జర మొకం నా దిక్కు పెట్టి చెప్పు. వినవడది."

ముఖం తిప్పి, "నేనే కాకా, తెల్వక అన్న" అన్నాను. ఆటో అంతా వినపడేలా నవ్వాడు. ఈ వయసులో ఈ బొమ్మల పిచ్చేమిటని అడిగితే చెప్పాడు. "సినిమాలల్ల మాటలు పోయినయి బిడ్డా నాకు. పాటలు పోయినయి. అందరు నవ్వినంక నేను నవ్వుతుంటి. మా బిడ్డ బొంబయి దిక్కు భివండిల ఉంటది, అది చూపెట్టింది గివి. మాట్లాడేదంత కింద హిందీల రాసిస్తరు. మందితోని సమానంగ ఒక కథ సమజైంది, గన్నేండ్లకు."

ఆ తర్వాత సాంచాలకు సెలవుండే రోజు మధ్యాహ్నాలు ఆయన గదికి పోవడం మొదలుపెట్టాను. భార్య కూతురి దగ్గర భివండిలో ఉండేది. ఇక్కడ ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకు తాడు మీద రెండు చొక్కాలు. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి చూసేవాళ్లం. నేను ఆ జపాన్ గొంతులు వింటూ, కింది అక్షరాల వెంటే పోయేవాణ్ని. ఆయన అవి గబగబా చదివేసి మిగిలిన సమయమంతా ముఖాలు చూసేవాడు.

ఒక భాగంలో ఆ కుర్రాళ్లిద్దరూ వానలో నిలబడి పోట్లాడుకుంటారు. గ్రూపులో ఆ సన్నివేశం మీద మూడు రోజులు యుద్ధం జరిగింది. ఎవరి మాటల్లో పస ఉందో వాక్యం వాక్యం విప్పి వాదించుకున్నాం. కాక మాత్రం దాన్ని ఆపి, వేలు తెర అంచుకు పెట్టాడు.

"వాళ్ళు ఒకని మొకం ఒకడు చూసుకుంట ఒర్రుతుండ్రు. మనం వాళ్ళనే చూస్తానం. గీమెను చూసినవా?"

చూశాను. సుమియే అంచున, సగం మాత్రమే కనిపించేలా నిలబడి ఉంది. తను తడుస్తూ, ఛాతీకి ఒక కాగితపు కవరు అదుముకుని, దాని మీద వాన పడకుండా వంగి ఉంది.

"ఏం కాయితమది?" అన్నాడు.

"ఏమో కాకా. దుకాణం చిట్టీలేమో. గదంత ఎవలు చూస్తరు?"

"గీసినోడు చూసిండు గదా. ఊకెనే గీస్తడా?"

నాకు విసుగొచ్చింది. అసలు గొడవ వాళ్లిద్దరి మధ్య జరుగుతుంటే ఈయన కవరు పట్టుకున్నాడేమిటి అనుకున్నాను. నా సొంత జీవితంలోనూ అప్పుడు అదే పొరపాటు చేస్తున్నానని నాకు తెలియదు.

సంధ్య మా గల్లీ అమ్మాయే. లింగయ్య మామ కూతురు. కాక పనిచేసే షెడ్డులోనే మామ సాంచాలు నడిపేవాడు. సంధ్య కెమిస్ట్రీలో డిగ్రీ చేసి, నేను పనిచేసే మార్కెట్లోనే పై అంతస్తులో చీరలు తనిఖీ చేసే పనిలో ఉండేది. పొద్దున ఒకే ఆటోలో వెళ్లేవాళ్లం. ఒకసారి పక్కన చోటు చూపించి "కూసో శీను" అంది. ఆ ఒక్క మాటను మూడు నెలలు నెమరువేసుకున్నాను. ఆమెతో చెప్పలేదు. ఆమె ఇష్టం అడగలేదు. కథ నెమ్మదిగా నడుస్తోంది, చివరికి నాదే అనుకున్నాను. ఇన్నేళ్లుగా పక్కనున్నవాణ్ని కదా!

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం సరుకు దింపడానికి టెంపోలో హజీరా రోడ్డు మీద పోతుంటే గణేశ్ బండి కనిపించింది. గణేశ్ నా చిన్ననాటి స్నేహితుడు, ఊరి పక్కనున్న సచిన్ అనే చోట రంగుల మిల్లులో పనిచేస్తాడు, మా గ్రూపులో గొడుగు పక్షం. అతని వెనక సంధ్య కూర్చుని ఉంది. ఒళ్లో ఏదో ఫైలు. నాకు ఫైలు కనిపించింది కానీ నేను చూడలేదు. అతని భుజం మీద ఆమె చేయి ఉందా లేదా అన్నదే చూశాను.

ఆ సాయంత్రం కాలు ఒకచోట నిలవలేదు. పేర్లు లేకుండా గ్రూపులో రాశాను. ఒక అమ్మాయి, చిన్ననాటి నుంచి తెలిసినవాడు, మధ్యలో దూరిన స్నేహితుడు. అయిదు నిమిషాల్లో నా బతుకు ఆ వారపు ఎపిసోడ్ అయిపోయింది. మంచివాడిగా ఉంటే రెండో హీరోగా మిగిలిపోతావన్నారు. పోరాడమన్నారు. ఇద్దరు కలిసి ఓటింగు కూడా పెట్టారు. అందరిలోకీ ధాగా ఒక్కడే, "లడ్కీ క్యా బోల్తీ హై?" అని రాశాడు. అమ్మాయి ఏమంటోంది? దాన్ని దాటేసి మిగిలినవి చదువుకున్నాను.

మర్నాడు లింగయ్య మామ షెడ్డు బయట టీ తాగుతుంటే దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆ ఇంటి మంచి కోరేవాడిలా ముఖం పెట్టి, సంధ్య గణేశ్‌తో బండి మీద హజీరా రోడ్డున కనిపించిందని చెప్పాను. ఆయన సగం గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత సంధ్య ఆటోకు రాలేదు. ఫోన్ తీసేసుకున్నారని, పనికి పంపట్లేదని తెలిసింది. నిజం చెప్పాలంటే, మొదటి రోజు నాకు గెలిచినట్టే అనిపించింది. రెండో రోజు ఆటోలో ఆ ఖాళీ చోటు చూడలేక ముందు సీటుకు మారాను. మూడో రోజుకి అన్నం సహించలేదు.

నాలుగో రోజు కాక కబురు పంపాడు. మంచం మీద కూర్చోబెట్టి తను కింద, నా ఎదురుగా కూర్చున్నాడు. ఫోన్ తీయలేదు.

"లింగయ్యకు చెప్పింది నువ్వేనట."

నేను తలుపువైపు చూశాను.

"మొకం ఇటు పెట్టు."

"నేనే."

"సంధ్య నీకేమన్న మాటిచ్చిందా?"

"లేదు."

"నువ్వేమన్న అడిగినవా?"

"లేదు కాకా."

"మరి పోటీ ఎవలు వెట్టిండ్రు?"

గణేశ్ అని ఏదో మొదలుపెట్టబోయాను. ఆయన చేయెత్తాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే తేలికగా ఉండేది. తన పెళ్లి సంగతి చెప్పాడు. ఆయనా, మేనబావా ఒకే పిల్ల కోసం పట్టుబట్టారట. ఊళ్లో రెండు జట్లయ్యాయట. చివరికి ఈయనదే పైచేయి అయ్యింది. "నెల రోజులు మీసం తిప్పుకుంట తిరిగిన. పదేండ్లయినంక ఒకనాడు మీ కాకి, నా పెండ్లాం, బియ్యం ఏరుకుంట నవ్వుకుంటనే అన్నది. 'నన్నడిగితే మీ ఇద్దర్ని వద్దందును. బీడీల కార్ఖానల మా అక్కతోని కలిసి కూసుందును, రెండేండ్లు నా చేతి పని నేను చేసుకుందును' అని. గామె మంచిదే, నేను చెడ్డోన్ని గాదు. కాపురం బాగనే నడిచింది. గని ఆ మాట ఇన్ననాటి సంది నాకు గెలిచిన సంబురం లేదు బిడ్డా."

ఆయన చెవులు పోవడం మొదలైంది ఆ తర్వాతేనట. వినపడినన్నాళ్లు అడగలేదు, అడగాలనుకునేసరికి వినపడటం లేదు అని తన మీద తనే నవ్వుకున్నాడు. నేను నవ్వలేకపోయాను.

"లే. లింగయ్య ఇంటికి పోదాం," అన్నాడు.

మామ గుమ్మంలోనే ఉన్నాడు. కాక నన్ను ఆయన ఎదుట కూర్చోబెట్టి పక్కకు జరిగాడు. నేను చెప్పాను. వాళ్లిద్దరి మధ్య ఏముందో నాకేమీ తెలియదని, అసూయతో చెప్పానని, మంచి కోరి కాదని. మామ నా వంక చూడకుండా నేలవంక చూస్తూ విన్నాడు. అప్పుడు లోపలి గదిలోంచి సంధ్య వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"గణేశ్ వాళ్ళ అన్న హజీరాల కంపెనీల చేస్తడు. ల్యాబుల జాగ ఉన్నదంటే కాయితాలు ఇయ్యవోయిన. నిన్న ఇంటర్వ్యూ ఉండె."

నిన్న. నాకు ఫైలు గుర్తొచ్చింది.

"నాయనకు ముందుగాల చెప్పకపోవుడు నా తప్పే. దొరికినంక చెప్దామనుకున్న," అని తండ్రివైపు ఒకసారి చూసి, నావైపు తిరిగింది. "నా గురించి మా నాయనతోని మాట్లాడినవ్. ఆ గ్రూపుల నలభై మందితోని మాట్లాడినవ్, గణేశ్ చూపెట్టిండు అప్పుడే. ఓట్లు గూడ ఏయించినవ్. నాతోని మాట్లాడేతందుకు నీకు నోరు రాలేదా?"

నేను క్షమించమన్నాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది. మామ లేచి అలమారలోంచి ఆమె ఫోన్ తెచ్చి ఆ గది గడప మీద పెట్టాడు.

గల్లీలోకి వచ్చాక కాక ఓదారుస్తాడనుకున్నాను. "ఒప్పుకున్నవ్, మంచిదే. గని ఆమె ఇంటర్వ్యూ తారీకు మళ్ళ రాదు. గది నువ్వు మర్శిపోకు," అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నన్ను గదికి రావద్దనీ అనలేదు.

సుమియే కథ చివరి భాగం ఆయన గదిలోనే చూశాం. ఆ కవరులో ఉన్నది కుండల పని నేర్పే దూరపు ఊరి బడికి ఆమె పెట్టుకున్న దరఖాస్తు. ఇద్దరితోనూ మంచిగా మాట్లాడి, ఎవరికీ ఏ మాటా ఇవ్వకుండా ఆమె రైలెక్కింది. గ్రూపు భగ్గుమంది. మోసం చేశారన్నారు, ఇన్ని వారాలు వృథా అన్నారు. సైకిల్ పక్షం, గొడుగు పక్షం మొదటిసారి ఏకమై ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాయి. నేను ఒకే ఒక వాక్యం రాశాను. ఆమె మొదటి నుంచీ అదే చెబుతోంది, మనమే చూడలేదు అని. నన్నూ తిట్టారు. అందులో నా పాత మాటను నాకే చూపించినవాళ్లు ఉన్నారు. కాక మాత్రం ఆ రైలు సన్నివేశాన్ని రెండోసారి పెట్టుకుని, ఆమె కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు ముఖం చూస్తూ, "నవ్వుతలేదు, ఏడుస్తలేదు. ఆకలైనట్టుంది పిల్లకు," అన్నాడు. మరుక్షణం తెర మీద సుమియే అన్నం పొట్లం విప్పింది. ఆయన ఎంత సంబరపడ్డాడో!

సంధ్యకు ఏడు నెలల తర్వాత మరో చోట ల్యాబులో ఉద్యోగం వచ్చింది. కంపెనీ బస్సు కోసం పొద్దున రోడ్డు మీద నిలబడుతుంది. ఎదురుపడితే పక్కకు చూడదు, పలకరించదు. నేరుగా దాటిపోతుంది. గణేశ్ కలిస్తే బాగున్నావా అంటాడు, కూర్చోడు. ఇది మారుతుందని నేనిప్పుడు ఎదురుచూడటం లేదు.

షెడ్డు యజమాని పాత సాంచాలు తీసేసి కొత్త యంత్రాలు పెట్టాక కాక భివండి వెళ్లిపోయాడు. అక్కడి నుంచి తను చూస్తున్న కథల గురించి రాసేవాడు. ఈ పిల్ల ఇట్లా, ఆ పిల్ల అట్లా అని. నేను మార్కెట్ హడావుడిలో పొద్దున వచ్చినదానికి రెండు రోజులకు జవాబిచ్చేవాణ్ని. రమ్మన్నాడు, వస్తానన్నాను. పోయిన వానాకాలంలో ఆయన నంబరు నుంచే ఆయన కూతురు రాసింది, నాన్న లేడని. ఊపిరితిత్తులు అప్పటికే చెడిపోయాయట. ఆ సంగతి ఆయన ఒక్కసారీ రాయలేదు. నేను అడగనూ లేదు. ఎదురుగా కూర్చుని ఉంటే ముఖం చూసి తెలుసుకునేవాణ్నేమో. ఈ 'ఏమో' నన్ను స్థిమితంగా కూర్చోనివ్వదు.

మొన్న మా ఇంట్లో ఒకటి జరిగింది. మా చెల్లెలు రమకు ఒకే వారంలో రెండు సంబంధాలు వచ్చాయి. ఒకబ్బాయి హజీరా స్టీలు కంపెనీలో, క్వార్టరు ఉంది. ఇంకొకడికి రింగ్ రోడ్‌లో సొంత చీరల దుకాణం. అమ్మ క్వార్టరు పక్షం, నాన్న దుకాణం పక్షం. మేనత్త వచ్చి అమ్మవైపు చేరింది. ముందు గదిలో ఎవరిది మంచి ఎత్తు, ఎవరి తల్లి నెమ్మదస్తురాలు అని గంటసేపు నడిచింది. నేనూ ఒక మాట కలపబోయి ఆగాను. రమ లోపల రొట్టెలు చేస్తోంది. పెనం మీదిది మాడుతున్నా తిప్పటం లేదు.

వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "నీకేమనిపిస్తాంది?"

"ఇప్పుడా అడిగేది?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇద్దరొద్దంటే నా పక్కన నిలబడతవా అన్నా?"

జవాబు చెప్పడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. నాన్న కోపం, అమ్మ ఏడుపు, మేనత్త మాటలు, అన్నీ ఆ క్షణంలో కళ్ల ముందుకొచ్చాయి. ఆ ఆలస్యాన్ని రమ నా ముఖంలో చూసింది. చూసిందని నాకు తెలిసింది. నిలబడతానన్నాను.

ముందు గదిలోకి పోయి, "జర ఆగుండ్రి నాయనా. రమనడుగుదాం," అన్నాను.

"దాన్నేందిరా అడిగేది?" అన్నాడు నాన్న.

మేనత్త నవ్వింది. అమ్మ నన్ను కళ్లతోనే కూర్చోమంది. నేను కూర్చోలేదు. లోపల స్టవ్వు ఆపిన చప్పుడు వినిపించింది. రమ చేతులకంటిన పిండి దులుపుకుంటూ వచ్చి గది మధ్యలో, అందరికీ ముఖం కనిపించేచోట నిలబడి, చెప్పడం మొదలుపెట్టింది.